వికారాబాద్ జంక్షన్‌ని బల్ల మీద మోడల్‌గా కట్టేవారికి: పట్టాలు, చక్రాల సందుల నియమాలు

ప్ర: కొలతల కోసం వికారాబాద్‌లో పట్టాల మీదికి దిగవచ్చా?

జ: దిగకూడదు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 1,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ పడవచ్చు. ప్లాట్‌ఫారం టికెట్ ప్లాట్‌ఫారం వరకే. శిక్ష సంగతి అటుంచండి, బీదర్ లైను విడిపోయే చోట దారి మార్చే పాయింటు మోటారుతో ఒక్కసారిగా కదులుతుంది. మధ్యలో కాలు పెట్టినవాళ్ళకు తీసుకునే టైము దొరకదు.

ప్ర: మరి కొలతలు అడిగే హక్కు ఉందా?

జ: ఉంది. అసలు చాలావాటికి అడగక్కర్లేదు. బ్రాడ్‌గేజ్ కొలతలన్నీ రైల్వే వారి 'షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్'లో ఉన్నాయి, అది ఎవరైనా చదవవచ్చు. తాండూరు యార్డు నక్షా లాంటిది కావాలంటే సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల ఫీజుతో సికింద్రాబాద్ డివిజన్‌కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. భద్రత పేరుతో 8వ సెక్షన్ కింద కాదనవచ్చు, అలా కాదంటే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

ప్ర: బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టా పనికిరాదా?

జ: బండి స్కేలును బట్టి ఉంటుంది. మన బ్రాడ్‌గేజ్ అయిదున్నర అడుగులు. అడుగుకు 4 మి.మీ. లెక్కన 22 మి.మీ. రావాలి. ఆ స్కేలు ఇంజన్ను 16.5 మీద నిలబెడితే కాళ్ళు దగ్గరపెట్టి నిలుచున్నట్టుంటుంది. అదే అడుగుకు 3 మి.మీ. లెక్కన బండి కడితే 16.5 అచ్చంగా సరిపోతుంది. చోటు తక్కువున్న ఇళ్ళకు నేను చెప్పేది ఇదే.

ప్ర: పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్ దగ్గర సందు ఎంత వదలాలి?

జ: ఇక్కడే మోడళ్ళు చెడిపోతాయి. అసలు లైనులో పట్టాకూ, దాని లోపలివైపు ఉండే చెక్‌రెయిలుకూ మధ్య 44 నుంచి 48 మి.మీ. ఉంటుంది. 4 మి.మీ. స్కేలులో అది 0.58 నుంచి 0.63. బైకు మెకానిక్ టాపెట్లు చూసే ఫీలర్ గేజ్‌లో 0.60 రేకు తీసి దూర్చండి, బిగువుగా జారితే చాలు.

సందు ఒక్కటే చూస్తే చాలదు. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం అసలు బండిలో 1,600 మి.మీ., మనకు 21. ఫ్లాంజి (చక్రం అంచు) మందం 28.5, అంటే మనకు 0.37. రెండూ కలిపితే 21.37. ఎదుటి చెక్‌రెయిలు నుంచి క్రాసింగ్ ముక్కు (రెండు పట్టాలు కలిసే మొన) దాకా 22 లోంచి 0.6 పోను 21.4 ఉంది. ఆ 0.03 తేడాయే చక్రం ముక్కును గుద్దుకోకుండా కాపాడుతుంది.

ప్ర: కొన్న చక్రాల ఫ్లాంజి 0.7 మి.మీ. ఉంది. అవే వాడుకోవచ్చా?

జ: వాడుకోండి, కానీ సందు, చక్రాల దూరం రెండూ కలిపి మార్చాలి. చక్రాలు 21 దగ్గరే ఉంచితే 21.7 అవుతుంది, ముక్కుకు తగులుతుంది. చక్రాలను మాత్రమే 20.6కు దగ్గర చేస్తే చెక్‌రెయిలుకూ, ముక్కు పక్కనుండే వింగ్‌రెయిలుకూ మధ్య రెండు సందులు పోను 20.8 ఉంది కాబట్టి ఇరుక్కుంటాయి. సందు 0.8, చక్రాల దూరం 20.45 పెడితే నడుస్తుంది. చూడటానికి కాస్త వెడల్పే, కానీ పట్టాలు తప్పని బండి ముఖ్యం.





ప్ర: లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర కూడా అదే సందా?

జ: కాదు, అసలు లైనులో అక్కడ 51 నుంచి 57 మి.మీ., లోతు కనీసం 38. మన స్కేలులో 0.67 నుంచి 0.75, లోతు అర మిల్లీమీటరు. బళ్ళ చక్రాలతో వచ్చే మట్టి, కంకర ఆ గాడిలో గట్టిపడితే చక్రం పైకి లేస్తుంది. మోడల్‌లో ఆ పని గమ్ము చేస్తుంది. రోడ్డుకు తాండూరు నాపరాయి పొడి అద్దేవారు ముందు గాడిలో ఫీలర్ రేకు పెట్టి, ఆరాక తీసేయండి. తర్వాత ఒక్క చక్రాల జతను చేత్తో దొర్లిస్తూ చెవి దగ్గరగా పెట్టి వినండి. 'టిక్' మంటే ఇంకా గీకాలి.