ఇంజనుకు వంతు తెలిపే సాధనం

ధవళేశ్వరం లాకుల గుండా పూర్వం పడవలు సాగిన విధానాన్ని మన పెద్దలు ఎరుగుదురు. లాకు గది నిండి, పడవ పై మట్టంలో నిలిచినప్పుడు, అది ఇప్పుడే పైకి వచ్చినదో, కిందికి దిగబోతున్నదో పడవను మాత్రమే చూచి చెప్పలేము. అంతకు ముందు ఏ తలుపులు తెరిచినారో తెలియాలి. మోటారు వాహనపు ఇంజనులోనూ ఇట్టి చిక్కే ఉన్నది.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో పీల్పు, సంపీడనం, శక్తి, నిర్గమనం అనే దశలు ముగియడానికి క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. కనుక పిస్టన్ రెండుసార్లు పైకొసకు చేరుతుంది: ఒకసారి సంపీడనం ముగిసినప్పుడు, మరొకసారి కాలిన వాయువును వెడలగొట్టినప్పుడు. క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్‌కు ఈ రెండూ ఒక్కటిగానే తోస్తాయి. వాల్వులను తెరిచే కాంషాఫ్ట్ అదే కాలంలో ఒక్క చుట్టే తిరుగుతుంది. దాని స్థానం తెలిసినచో దశ తెలిసినట్లే.

కామ్ అనే ఉబ్బెత్తు చక్రం కొత్తది కాదు. 1206లో అల్ జజరీ తన యంత్రగ్రంథంలో దానిని వర్ణించాడు. దానిని గమనించే సెన్సర్‌కు ఆధారమైన సూత్రాన్ని 1879లో అమెరికాలో ఎడ్విన్ హాల్ కనుగొన్నాడు. విద్యుత్తు ప్రవహించే పలుచని రేకును అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, రేకుకు అడ్డంగా స్వల్పమైన వోల్టేజి పుడుతుంది. దీనినే హాల్ ఎఫెక్టు అంటారు.

కాంషాఫ్ట్‌తోపాటు తిరిగే చక్రానికి పళ్లుంటాయి. పన్ను సెన్సర్ ఎదుటికి రాగానే క్షేత్రం మారుతుంది, వోల్టేజీ మారుతుంది. పళ్లను అసమానంగా అమర్చడం వలన మొదటి సిలిండర్ వంతు ఎప్పుడో కంప్యూటర్ గుర్తిస్తుంది; తదనుగుణంగా ఇంధనాన్ని చిమ్మిస్తుంది, పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వను పుట్టిస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 3000 చుట్లు తిరిగే వేళ కాంషాఫ్ట్ సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. ఈ లెక్క ఏ మానవ నేత్రానికీ అందదు.

సెన్సర్ చెడినచో ఇంజను ఆలస్యంగా స్టార్టు కావచ్చు, నడిరోడ్డుపై ఆగిపోవచ్చు. రాత్రివేళ రహదారిపై అది ప్రాణాపాయమే. అయితే హెచ్చరిక దీపం వెలగగానే సెన్సర్‌ను మార్చివేయుట తగదు. తీగ తెగినా, తేమకు కనెక్టరులో చిలుము పట్టినా అదే దీపం వెలుగుతుంది. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినప్పుడు సెన్సర్ నిజమే చెబుతుంది, తప్పు బెల్టుది. అట్టి వేళ కొత్త సెన్సర్ వేసినా డబ్బు వృథా, లోపం యథాతథం.

కావున విద్యార్థులారా, ముందు కనెక్టరు, పిదప విద్యుత్ సరఫరా, ఎర్తు, సంకేతం, చివరకు బెల్టు అమరిక పరీక్షించండి. కారణం తెలియక విడిభాగాలు మార్చేవాని చేతిలో యజమాని సొమ్ము కరిగిపోతుంది. కారణం వెదికేవానికి యంత్రమే సమాధానం చెబుతుంది.