చలిరాత్రి – సముద్రతీరము – పరాంకుశనాయకి

వైకుంఠ ఏకాదశి మొదలుకొని శ్రీవైష్ణవాలయములందు రాపత్తు ఉత్సవము పది రాత్రులు జరుగును. రాత్రికొక శతకము చొప్పున తిరువాయ్‌మొళి అనుసంధింపబడును. కావున రెండవ శతకపు మొదటి దశకము రెండవ రాత్రి వచ్చును. చలికి ముడుచుకొని గోష్ఠి వెనుక కూర్చున్న భక్తులలో పలువురకు ద్రావిడభాష తెలియదు. ఆ రాత్రి వినబడునది మరియొక చలిరాత్రి వృత్తాంతమే యని తెలిసినచో వారు మరింత శ్రద్ధతో విందురు.

ఇందు నమ్మాళ్వారులు పరాంకుశనాయకి యై పలుకుచున్నారు. అందరు నిద్రించిరి. సముద్రతీరమున ఆమె యొక్కతెయే మేల్కొని యున్నది. కొంగను, క్రౌంచమును, సముద్రమును, ఉత్తరపు చలిగాలిని, మేఘమును, చంద్రుని, చీకటిని, ఉప్పుకయ్యను, తుదకు దీపమును పిలిచి ఒక్కటే ప్రశ్న వేయును: "నీకును నా వ్యాధియే కలిగినదా?" రేయింబవళ్ళు నిద్రలేక ఘోషించు సముద్రము, లంకను దహించినవాని పాదములను కోరియే ఏడ్చుచున్నదని ఆమె తలపు. కొండలు, కడలి, ఆకాశము వెదకుచు తిరుగు చలిగాలికి దేహమున జబ్బు చేసినదేమో యని ఆమె శంక. గాలి చల్లదనము ఆమెకు జ్వరపీడితుని వణకువలె తోచెను కాబోలు!

ద్రావిడ కావ్యసంప్రదాయమున నెయ్దల్ అను తీరభూమి విరహవిలాపమునకు స్థానము. ఆళ్వారులు తామ్రపర్ణీతీరమున కురుకూరిలో చింతచెట్టు క్రింద నుండి కదలలేదని పెద్దలు చెప్పుదురు. ఆ కడలిని వారు ఏ కన్నులతో చూచిరో చదువరులే ఊహింతురు గాక.

శ్రీమద్భాగవత దశమస్కంధము 90వ అధ్యాయమున ద్వారకలో కృష్ణమహిషులును ఇట్లే కురరిని, సముద్రుని, చంద్రుని, మలయానిలుని, మేఘమును ప్రశ్నింతురు. అయితే వారు స్వామితో జలక్రీడలో నుండియే విరహిణులవలె పలికిరి. పరాంకుశనాయకి చెంత స్వామి లేడు. ఈ భేదము అల్పము కాదు.

మరియొక విశేషము. సంస్కృతకావ్యములలో విరహిణి చంద్రుని నిందించును, చల్లగాలిని శత్రువనును. చంద్రోపాలంభము కవులకు అలవాటైన విషయమే. ఇచ్చట చంద్రునిపై గాని చల్లగాలిపై గాని నింద లేదు. కాంతి తగ్గిన చంద్రుని చూచి ఆమె జాలిపడును. కడలిని "వర్ధిల్లుము" అని దీవించును. తన బాధకు మందు లేకున్నను ఎదుటివాని బాధను ముందుగా అడుగుట పరమవైష్ణవులకే చెల్లును. దీనిని భ్రాంతి యని కొట్టివేయువారు కలరు. ఈడు వ్యాఖ్యానముగా వడక్కుత్తిరువీధిప్పిళ్ళై గ్రంథస్థము చేసిన నంపిళ్ళై ప్రవచనములను గురుముఖమున విన్నవారు అట్లు తలంపరు.

తొమ్మిదవ పాశురమున నందాదీపమును "పాపము, నీవును కాలిపోవుచున్నావే" అని పలుకరించుటతో అడుగుటకు ఎవ్వరును మిగులరు. పదవ పాశురమున ప్రశ్న లేదు. కేశి నోరు చీల్చినవానిని, మద్దిచెట్ల నడుమ దూరిపోయినవానిని, భూమిని కొలిచినవానిని ఆమె నేరుగా పిలిచి, ఇకమీదట తమ్ము విడువవలదని వేడుకొనును.