వేగం కొండ మీదే తేల్చుకోండి
ట్రైలర్ లాగుతూ ఘాట్ దిగేవారికి ఒక పెద్దాయన అనుభవ పాఠాలు

వేసవి సెలవులు మొదలవగానే ఇక్కడ అమెరికాలో మన తెలుగు కుటుంబాలు ట్రక్కు వెనక క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని ఎల్లోస్టోన్‌కో, మోయాబ్‌కో బయలుదేరుతున్నాయి. చూస్తుంటే సంతోషంగా ఉంటుంది. బయలుదేరే ముందు చాలామంది నన్ను అడిగేది ఒకటే: "అంకుల్, మా బండి ఆ కొండ ఎక్కుతుందంటారా?"

ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది. హజార్డ్ లైట్లు వేసుకుని పక్కకి తీస్తారు, అంతే. భయపడాల్సింది దిగేటప్పుడు. కొలరాడోలో, రాకీ పర్వతాల పక్కన ఉంటూ ఏళ్ళ తరబడి ట్రైలర్ లాగిన మీదట నాకు గట్టిగా తెలిసిన సంగతి ఇది: దిగుడు క్షేమంగా సాగడానికి కావాల్సిన నిర్ణయాలన్నీ కొండ మీదే, బండి ఇంకా మన మాట వింటున్నప్పుడే తీసుకోవాలి. సగం వాలులో తీసుకునే నిర్ణయాలకు బలం ఉండదు.

1. తూకం వేయించాకే బయలుదేరండి

ప్రకటనలో రాసిన లాగుడు సామర్థ్యాన్ని నమ్ముకుని ట్రైలర్ కొనేవాళ్ళే ఎక్కువ. అంతకంటే ముందు చూడాల్సింది డ్రైవర్ తలుపు పక్కన అంటించిన పసుపు స్టిక్కర్. మనుషులు, సామాను కలిపి ట్రక్కు ఎంత మోయగలదో దాని మీద ఉంటుంది. అమ్మానాన్నలు, పిల్లలు, బియ్యం బస్తా, కూలర్, వీటితోపాటు ట్రైలర్ ముక్కు హిచ్ మీద మోపే బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ ముక్కు బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంటే 6,000 పౌండ్ల ట్రైలర్‌కి 600 నుంచి 900 పౌండ్లు. తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది. ఎక్కువైతే ట్రక్కు ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

40 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు నిండితే 330 పౌండ్లకు పైనే. అవసరం లేనప్పుడు ఆ నీళ్ళను కొండ మీదుగా మోయకండి, క్యాంపుగ్రౌండ్‌కి చేరాక పట్టుకోవచ్చు. అయితే ట్యాంకు ఇరుసుకి ముందుందో వెనకుందో చూసుకోండి. దాన్నిబట్టి ముక్కు బరువు మారుతుంది. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేలు ఉంటుంది. సామానంతా సర్దాక ఒకసారి అక్కడ తూయించుకుంటే ఊహలతో పని ఉండదు.

2. ట్రైలర్ బ్రేకుల్ని ఖాళీ స్థలంలో పరీక్షించండి

ట్రైలర్‌కి దాని సొంత బ్రేకులుంటాయి. చాలావాటిలో అవి కరెంటుతో పనిచేసే డ్రమ్ బ్రేకులు. ట్రక్కులో ఉండే బ్రేక్ కంట్రోలర్ వాటికి ఎంత కరెంటు పంపాలో నిర్ణయిస్తుంది. అది సరిగ్గా సర్దకపోతే రెండు బండ్ల బరువునీ ట్రక్కు బ్రేకులే ఆపాల్సి వస్తుంది.

ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న పార్కింగ్ లాట్‌కి వెళ్ళండి. ప్రయాణానికి సర్దిన సామానుతోనే వెళ్ళాలి. 25 మైళ్ళ వేగంలో పాదం బ్రేకు మీద పెట్టకుండా, కంట్రోలర్ మీదున్న మీట ఒక్కటే నొక్కండి. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ట్రక్కు నెమ్మదించాలి. టైర్లు కీచుమని బిగుసుకుంటే కంట్రోలర్‌లో గెయిన్ (పంపే కరెంటు మోతాదు) తగ్గించండి. బండి ఏమీ పట్టనట్టు సాగిపోతుంటే పెంచండి. ఆ తర్వాత బండి ఆపి, బ్రేక్‌అవే స్విచ్ పిన్ను లాగి చూడండి. ట్రైలర్ హిచ్ నుంచి ఊడిపోతే దాన్నక్కడే నిలబెట్టేది ఆ పిన్నే. అది లాగినప్పుడు ట్రైలర్ చక్రాలు బిగుసుకోకపోతే దాని బ్యాటరీ చచ్చిపోయి ఉండవచ్చు. చూడటం అయ్యాక పిన్ను వెంటనే పెట్టేయండి. ట్రైలర్‌ని ట్రక్కుకి కలిపే సేఫ్టీ గొలుసులు ముక్కు కింద ఒకదాని మీదుగా ఒకటి వెళ్ళేలా తగిలించండి. హిచ్ ఊడినా ముక్కు వాటి మీద పడుతుంది, రోడ్డుని గుచ్చుకోదు.

టైర్ల గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చాలా ట్రైలర్ టైర్లు గంటకు 65 మైళ్ళకే తయారుచేసినవి. పక్క గోడ మీద చదువుకోండి.

3. దారిని ముందు రోజు రాత్రే చదవండి

7 శాతం గ్రేడ్ అంటే 100 అడుగులకు 7 అడుగులు దిగుతుంది. వినడానికి చిన్నదే. డెన్వర్ నుంచి పడమరగా ఐ-70 మీద వెళ్తే ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది, 11,000 అడుగుల పైన ఉంటుంది. సొరంగం చీకట్లోంచి వెలుతురులోకి రాగానే రోడ్డు కిందికి తిరుగుతుంది. సిల్వర్‌థార్న్ ఊరు వచ్చేలోపు దాదాపు 2,000 అడుగులు దిగిపోతాం. ఆ దిగుడులో బ్రేకులు పోయిన బండ్లను ఆపడానికి రెండు రన్‌అవే ర్యాంపులు కట్టారంటేనే అర్థం చేసుకోవచ్చు. అదే రోడ్డు మీద తూర్పుగా, డెన్వర్ వైపు తిరిగి వచ్చేటప్పుడు ఊరు కనబడగానే కొండ అయిపోయిందనుకుంటాం. ఇంకా కొన్ని మైళ్ళ నిటారు వాలు మిగిలే ఉందని లారీవాళ్ళని హెచ్చరిస్తూ బోర్డులు పెట్టారక్కడ. ట్రైలర్ ఉన్నవాళ్ళకీ ఆ బోర్డులు వర్తిస్తాయి.

కొన్ని దారుల్లో అసలు వెళ్ళకూడదు. వ్యోమింగ్‌లో టీటన్ పాస్ 10 శాతం వాలు. శీతకాలంలో అక్కడ ట్రైలర్లను అనుమతించరు. కాలిఫోర్నియా సొనోరా పాస్‌లో 26 శాతం వరకు వాలున్న చోట్లున్నాయి. జీపీఎస్‌కి మీ వెనకున్న ట్రైలర్ కనబడదు, దగ్గర దారి ఏదైతే అటే పంపుతుంది. పాస్ పేరు, గ్రేడ్, ఎన్ని మైళ్ళ దిగుడు, ఆగడానికి చోటెక్కడ, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు ఇవ్వండి.

4. గేరు వాలు మొదలవకముందే మార్చండి

మన ఘాట్ రోడ్ల మీద పాత లారీ డ్రైవర్ల మాట ఒకటుంది: ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. ఆ మాట పుట్టిన కాలంలో ఇంజన్లకు బలం తక్కువ, కింది గేర్లోనే ఎక్కేవి. ఇప్పటి టర్బో ఇంజన్లు పై గేర్లోనే సునాయాసంగా ఎక్కేస్తాయి. అందుకే ఈ రోజుల్లో ఎక్కిన గేరు కంటే ఇంకొకటి కిందికి దించాల్సి రావచ్చు.

లెక్క చూడండి. ట్రక్కు, ట్రైలర్, మనుషులు కలిపి 11,000 పౌండ్లు, అంటే 5 టన్నులనుకుందాం. సొరంగం నుంచి సిల్వర్‌థార్న్‌కి ఆ బరువు దిగితే పుట్టే వేడితో 90 లీటర్ల నీళ్ళు, రెండు పెద్ద గుండిగలు, తెర్లబెట్టవచ్చు. ఆ వేడిలో కొంత గాలి, టైర్లు మింగుతాయి. మిగతాది ఇంజన్ అయినా మింగాలి, బ్రేకులైనా మింగాలి. మెల్లగా దిగినా, వేగంగా దిగినా మొత్తం వేడి అంతే. తేడా అల్లా సమయంలో ఉంది. 60 మైళ్ళ వేగంలో 7 శాతం వాలు మీద ఈ బరువు దాదాపు 120 హార్స్‌పవర్‌తో ముందుకు తోస్తుంది. 30 మైళ్ళలో అందులో సగం. ఒక ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజన్ పట్టి ఆపగలిగే బలానికి హద్దుంది కాబట్టి, మెల్లగా దిగితే ఎక్కువ భాగం ఇంజనే చూసుకుంటుంది. బ్రేకులకు చల్లారే వ్యవధి దొరుకుతుంది.

కాబట్టి శిఖరం దాటకముందే వేగం తగ్గించి, టో-హాల్ మోడ్ వేసి, గేరు దించండి. క్రూజ్ కంట్రోల్ తీసేయండి. పెట్రోల్ ఇంజన్ 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర గట్టిగా రొద చేస్తుంది. రెడ్‌లైన్‌కి లోపలున్నంత వరకు కంగారు పడవద్దు, మీ బదులు ఇంజన్ పనిచేస్తోందని ఆ రొదకు అర్థం. డీజిల్ ట్రక్కుకి ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటే అది ఆన్ చేయండి. ఎలక్ట్రిక్ ట్రక్కు ఉన్నవాళ్ళు కొండపైన బ్యాటరీ పూర్తిగా నింపవద్దు. నిండిన బ్యాటరీ దిగేటప్పుడు పుట్టే కరెంటుని తీసుకోలేదు, ఆ భారమంతా బ్రేకుల మీదికి వస్తుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే అలవాటు మనవైపు కొందరికుంది. ట్రైలర్‌తో అది ప్రాణాంతకం.

5. బ్రేకు మీద పాదం ఆనించి ఉంచకండి

మీరు పెట్టుకున్న హద్దు 40 మైళ్ళనుకోండి. వేగం 40కి చేరగానే బండి స్పష్టంగా నెమ్మదించేలా గట్టిగా తొక్కండి. 35కి రాగానే పూర్తిగా వదిలేయండి. దానికి 3 సెకన్లు పడుతుంది. మళ్ళీ 40 అయ్యేదాకా బ్రేకులు చల్లారతాయి. లారీ లైసెన్సుకి చదివే పుస్తకంలోనూ ఇదే పద్ధతి నేర్పుతారు. మరీ తరచుగా తొక్కాల్సి వస్తోందంటే గేరు ఎక్కువలో ఉందని అర్థం. 35కి రాగానే ఇంకొకటి దించండి.

6. ట్రైలర్ ఊగితే ట్రక్కు బ్రేకు ముట్టుకోకండి

దిగుడులో పక్క నుంచి గాలి కొట్టినా, పెద్ద లారీ దాటివెళ్ళినా ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. స్టీరింగ్ ఎదురు తిప్పబోతే ఊపు పెరుగుతుంది. ట్రక్కు బ్రేకు తొక్కితే ట్రైలర్ వెనక నుంచి తోస్తుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీసి, కంట్రోలర్ మీట మెల్లగా నొక్కండి. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టినప్పుడు అది ట్రక్కు వెనక వరసలోకి వస్తుంది. ఈ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి పెట్టగలిగేదాకా ఇంటి ముందు సాధన చేయండి.

7. కాలిన వాసన వస్తే ఆగండి, నీళ్ళు పోయకండి

ఒక వేసవిలో వెయిల్ పాస్ పడమటి దిగుడు దాటాక రోడ్డు పక్కన ఒక ట్రైలర్ ఆగి ఉంది, చక్రాల నుంచి సన్నగా పొగ. తెలుగు మాటలు వినబడి నేనూ ఆపాను. ఆ అబ్బాయి చేతిలో నీళ్ళ డబ్బా. "వద్దు బాబూ, డ్రమ్ములు పగులుతాయి" అన్నాను. "పెడల్ లోపలికి పోతోంది అంకుల్, బ్రేకు పడటం లేదు" అన్నాడు. అతని భార్య పిల్లని ఎత్తుకుని దూరంగా నిలబడింది. ట్రక్కు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టించి, చాలాసేపు కూర్చోబెట్టాను. చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడింది.

అలా ఎందుకైందంటే, బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఫ్లూయిడ్ 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పాదం వాటిని నొక్కుతుంది తప్ప బ్రేకుని నొక్కదు. చల్లారాక పెడల్ బాగుందనిపించినా అలాగే ప్రయాణం సాగించవద్దు. ఆ అబ్బాయిని మెల్లగా ఊళ్ళోకి నడిపించుకెళ్ళి మెకానిక్‌కి అప్పగించాను. రెండు మూడేళ్ళకోసారి ఫ్లూయిడ్ మార్పించుకుంటే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

8. వెనకవాడి హారన్‌కి లొంగకండి, దారి మాత్రం ఇవ్వండి

కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవారికి వేగ పరిమితి 55 మైళ్ళు. సింగిల్ రోడ్డు మీద వెనక 5 బండ్లు చేరితే టర్న్‌అవుట్ రాగానే పక్కకి తప్పుకోవాలని కూడా అక్కడి చట్టం. ఆ చట్టం లేనిచోట కూడా ఆ మర్యాద పాటించండి. మీ వేగాన్ని నిర్ణయించాల్సింది మీ బరువు, మీ గేరు.

9. ర్యాంప్ ఎక్కడానికి వెనకాడవద్దు

2019 ఏప్రిల్‌లో ఐ-70 మీద డెన్వర్ పక్కన, లేక్‌వుడ్ దగ్గర బ్రేకులు పోయిన లారీ ఒకటి ఆగి ఉన్న బండ్లమీదికి దూసుకెళ్ళి నలుగురు చనిపోయారు. ఆ లారీ దారిలో ర్యాంప్‌ని దాటుకుని వచ్చిందన్నది కోర్టులో పెద్ద విషయమైంది. ర్యాంపులు లారీల కోసం కట్టినవే అయినా బ్రేకులు పోయిన ఏ బండైనా వాడుకోవచ్చు. లోతైన గులకరాళ్ళలో ట్రైలర్ దెబ్బతింటుంది, బయటికి లాగించడానికి ఖర్చవుతుంది. అవన్నీ పూడ్చుకోగల నష్టాలు. పెడల్ లోపలికి పోయిందంటే తర్వాతి ర్యాంప్ మీదేనని మనసులో కొండ మీదే అనుకోండి. ఆ క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు.

10. కొండకి ఇవతలే ఆగడం నేర్చుకోండి

బుకింగ్ పోతుందనో, చీకటి పడేలోపు చేరాలనో అలసిపోయి పాస్ ఎక్కేవాళ్ళని చూస్తుంటాను. నిద్ర ముంచుకొస్తున్నా, వాన అందుకున్నా, వాలు మీద ఎప్పుడు ఏం చేయాలో స్పష్టంగా లేకపోయినా ఆ రోజుకి దిగవద్దు. పడకలు, వంటగది మీ వెనకే ఉన్నాయి. అనుమతి ఉన్న చోట నిలిపి, అన్నం వండుకు తిని పడుకుని, పొద్దున్నే తాజాగా దిగండి. మన వెంట బయలుదేరిన పెద్దవాళ్ళకీ పిల్లలకీ ఒక రోజు ఆలస్యమైనందుకు కలిగే నష్టమేమీ లేదు.