ఇనుప భాగములకు క్రోమువంటి మెఱుగు

ట్రాక్టరు, మోటారు సైకిలు మొదలగువాని కొన్ని భాగములకుండు అద్దపు మెఱుగును క్రోము పూత యందురు. వన్నె తప్పిన భాగములకు రంగుతో అట్టి మెఱుగు తెప్పించు విధమును, దాని హద్దులను ఇందు తెలుపుచున్నాము.

క్రోమియమును 1797లో వోక్లెన్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అసలైన పూతను కర్మాగారములలో ద్రావకపు తొట్టియందు విద్యుచ్ఛక్తితో వేయుదురు. శోభకై వేయు క్రోము పొర సాధారణముగా మిల్లీమీటరులో వేయవ వంతుకంటెను పలుచన. తుప్పును ముఖ్యముగా ఆపునది దాని క్రిందనుండు నికెలు పొర. ఆ ద్రావకపు ఆవిరి ఊపిరితిత్తులకు క్యాన్సరు కలిగింపగల విషము. కావున ఇంటియొద్ద దానికెవరును పూనుకొనరాదు.

రంగుతో వచ్చు మెఱుగు వేఱు. వెండిరంగులో అల్యూమినియపు సన్నని రేకులుండును. అవి చాపవలె పఱచుకొనినచో వెలుతురును ఒకే దిక్కునకు త్రిప్పి మెఱయును. చిందరవందరగా నిలిచినచో బూడిదవన్నెయే కనబడును. పనిలోని కిటుకంతయు ఇదియే.

పని క్రమము:

1. తుప్పును తీగ కుంచెతోను గరుకు కాగితముతోను పూర్తిగా తీసి, జిడ్డును థిన్నరుతో తుడువవలెను. మిగిలిన తుప్పు రంగు క్రింద పెరుగుచునే యుండును.

2. ప్రైమరు వేసి, ఆఱిన పిమ్మట 400, 600 నంబరు కాగితములతో నీరు చల్లుచు రుద్దవలెను. మన రాజంపేట చేరువనున్న మంగంపేటలో దొరకు ముగ్గురాతివంటి ఖనిజపు పిండిని ఇట్టి అడుగు రంగులలో తఱచు కలుపుదురు.

3. నిగనిగలాడు నల్లరంగును పలుచగా రెండు మూడు పూతలు వేసి, గట్టిపడువఱకు ఆగవలెను. అందు మన ముఖము స్పష్టముగా కనబడనిచో పైమెఱుగు రాదు.

4. క్రోము రంగును జానెడు దూరమునుండి మంచు కురిసినట్లు చిమ్మవలెను. నలుపు మఱుగుపడగానే ఆపవలెను. మందముగా వేసినచో రేకులు చెదరును.

5. కొన్ని దినములు చేయి తగులనీయరాదు. పైన వేయు పారదర్శకపు వార్నీషు రేకులను కదల్చి మెఱుగు తగ్గింపవచ్చును. ముందుగా పనికిరాని ముక్కపై పరీక్షింపవలెను. రెండు డబ్బాలు కలిపి వేయు వార్నీషు ఊపిరికి హానికరము. గుడ్డకట్టు చాలదు, అనుభవజ్ఞునికే అప్పగింపుడు.

ఎండకాలపు మధ్యాహ్నమున రంగు గాలిలోనే ఆఱి గరుకగును. కార్తికపు ముసురులో తెల్లబాఱును. పొడి దినమున, ఉదయపు నీడలో, దుమ్ములేని చోట పని చేయుడు.

మడ్గార్డులకు, దీపపు చుట్లకు ఈ రంగు తగును. ట్రాక్టరు హైడ్రాలిక్ కడ్డీలకు, బ్రేకులకు, మరలకు వేయరాదు. కడ్డీపై నుండునది అరుగుదలను ఆపు గట్టి క్రోము. దానిపై రంగు ఊడి సీలును పాడుచేయును.

పాత యంత్రమును కొనునపుడు మెఱుగును చూచి మోసపోకుడు. థిన్నరు తడిపిన గుడ్డతో మూల నొకచోట రుద్దిన రంగైనచో తఱచు ఊడివచ్చును. అసలు క్రోము చెక్కుచెదరదు. అతుకులయొద్ద పగుళ్లను వెదకిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు. మెఱుగు బలము కాదు.