ముందు కరెంటు, తర్వాతే గ్రాఫిక్స్ కార్డు

ప్రశ్న: మాది చిలకలూరిపేట. ఇంటి నుంచే ఉద్యోగం. రెండున్నర లక్షలు దాచుకుని మొదటిసారి మంచి గేమింగ్ పీసీ కట్టించుకుంటున్నాను. రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5080 కార్డు అనుకున్నాను. బడ్జెట్ సరిపోవాలంటే పవర్ సప్లై చవకది వేయించుకోవచ్చా?

జవాబు: అన్నిట్లోకీ అక్కడే పొదుపు పనికిరాదు. మిగతా భాగం ఏది పాడైనా దాంతోనే పోతుంది. నాసిరకం పవర్ సప్లై పోయేటప్పుడు మాత్రం మదర్‌బోర్డునీ కార్డునీ కూడా వెంట తీసుకుపోవచ్చు. 5080 ఒక్కటే 360 వాట్లు తీసుకుంటుంది. దానికి 850 వాట్ల సప్లై ఉండాలని ఎన్విడియానే చెబుతోంది.

నన్నడిగితే 5070 టీఐ తీసుకోండి. రెండింట్లోనూ మెమరీ 16 జీబీయే. 2025లో విడుదలైనప్పుడు అమెరికాలో 5080 ధర 999 డాలర్లు, 5070 టీఐ ధర 749. ధరలో మూడో వంతు తేడా ఉంటే వేగంలో తేడా 15 శాతం అటూ ఇటూ. పైగా ఇది 300 వాట్లతో సరిపెట్టుకుంటుంది. 1440పీ మానిటర్‌కి ఇది ధారాళంగా చాలు.

మిగిలిన డబ్బు యూపీఎస్‌కి పెట్టండి. షాపుల్లో సాధారణంగా అంటగట్టే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే దాంతోపాటే మీ పీసీ కూడా ఆగిపోతుంది. ప్యూర్ సైన్‌వేవ్ రకం, 1,500 వీఏకి తగ్గకుండా చూడండి. ఇంట్లో ఉన్నది పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరైతే దాని మీద ఈ పీసీని నడపొద్దు.

ప్రాసెసర్ ఎంపిక మాత్రం చాలా బాగుంది. కోర్లు 8 మాత్రమే అయినా 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉండటంతో ఆటల్లో దూసుకుపోతుంది. దానికి బీ850 బోర్డు చాలు. ర్యామ్ 16 జీబీ చొప్పున రెండు, డీడీఆర్5 6000 తీసుకోండి. నాలుగు స్లాట్లూ నింపితే వేగం తగ్గించుకోవాల్సి రావచ్చు. బయాస్‌లో ఎక్స్‌పో ఆన్ చేయకపోతే ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది, దగ్గరుండి చేయించుకోండి. కార్డుకి పెట్టే పవర్ కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో మీ కళ్లతో చూసుకోండి. సగం దిగిన కనెక్టర్ వేడెక్కి కరిగిపోతుంది.

ఇక మన ఎండలు. కార్డు వేడి గది వేడిని బట్టే పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 65 దగ్గర నిలిచే కార్డు మే నెలలో 40 డిగ్రీల గదిలో 80కి చేరుతుంది. ఆట ఆడుతున్నంతసేపూ పీసీ తీసుకునే 450 వాట్లూ వేడిగా మారి గదిలోకే వస్తాయి. ఒక టన్ను ఏసీ తోడిపోసే వేడి 3,500 వాట్లు, అందులో ఎనిమిదో వంతు మీ పీసీకే పోతుందన్నమాట. లిక్విడ్ కూలర్ మోజు వద్దు. పంపు లేని మంచి ఎయిర్ కూలర్ ఈ ప్రాసెసర్‌కి సరిపోతుంది.

ప్రశ్న: మా ఇంటి వెనకాలే జిన్నింగ్ మిల్లు. పాత పీసీ ఫ్యాన్లకు దూది పేరుకుపోతోంది. కొత్తదానికి ఎలాంటి క్యాబినెట్ తీసుకోవాలి?

జవాబు: ముందువైపు అద్దం ఉన్నది చూడటానికి బాగుంటుంది కానీ మీకు పనికిరాదు. ముందు జాలీ, దాని వెనక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది కొనండి. గాలి లోపలికి లాగే ఫ్యాన్లు మూడు, బయటికి తోలేది ఒకటి పెట్టిస్తే సందుల్లోంచి నూగు లోపలికి దూరడం తగ్గుతుంది. నేల మీద పెట్టొద్దు. మిల్లు నడిచే నెలల్లో ఫిల్టర్ వారానికోసారి కడిగి, బాగా ఆరాకే బిగించండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే అది గిరగిరా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. మిరపకాయలు ఆరబోసే కళ్లాల పక్కన ఇళ్లున్నవాళ్లూ ఇదే పాటించండి, ఊదేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

ప్రశ్న: డాలస్ నుంచి అక్క వస్తోంది. కార్డు అక్కడే కొనిపించనా?

జవాబు: వద్దు. అక్కడ రాసి ఉండే ధరలో సేల్స్ ట్యాక్స్ కలిసి ఉండదు, మన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. ఆ లెక్క వేస్తే తేడా తగ్గిపోతుంది. చాలా కంపెనీల కార్డు వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. గుంటూరులో దొరకకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

ప్రశ్న: నరసరావుపేటలో మాది పాత ఇల్లు. పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. పవర్ సప్లై మార్చాలా?

జవాబు: తప్పు పవర్ సప్లైది కాకపోవచ్చు, ముందు ఇంటి ఎర్తింగ్ చూడాలి. ప్రతి పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కొద్దిపాటి కరెంటును ఎర్త్ పిన్ను గుండా భూమిలోకి పంపుతుంది. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ రేకు మీదే నిలుస్తుంది, సుమారు 115 వోల్టులు. ప్రస్తుతానికి జివ్వుమనడంతో సరిపోతోంది. లోపల ఏదైనా వైరు రేకుకి తగిలితే పూర్తి 230 వోల్టులు వచ్చి పడతాయి.

పాత ఇళ్లల్లో ఎర్త్ వైరుని నీళ్ల పైపుకి చుట్టేవారు. ఇప్పుడా పైపులు ప్లాస్టిక్‌వి అయిపోయాయి. గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ వేయించండి. మన నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి ఎండిపోతుంది, అప్పుడు ఎర్త్ పట్టు తప్పుతుంది. ఆ నెలల్లో గుంతలో తరచూ బిందెడు నీళ్లు పోయండి. పని అయ్యాక మీటరు పెట్టించి చూడండి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 5 వోల్టులు మించకూడదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంప్‌ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. ఎలక్ట్రీషియన్ ఎవరైనా ప్లగ్గులో ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ కలిపేస్తే సరిపోతుందంటే ఒప్పుకోవద్దు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఎర్తింగ్ పని పూర్తయ్యేదాకా ఆ పీసీ ప్లగ్గు తీసి ఉంచండి, పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి.