పాడైన కీబోర్డు – ఇంటిలోనే మరమ్మతు

యంత్రము ఎంత గొప్పదైనను, అందలి చిన్న భాగమొకటి మొరాయించినచో పని అంతయు నిలిచిపోవును. గత సంవత్సరము మా ఇంట ఇది అనుభవమునకు వచ్చినది. మా చెల్లెలు ఉపకారవేతనమునకు దరఖాస్తు నింపుచుండగా కీబోర్డుపై టీ ఒలికినది. తుడిచి చూడగా ఇంగ్లీషు 'ఎ' మీట పనిచేయలేదు. ఆమె పేరులో ఆ అక్షరము మూడుమార్లు వచ్చును. గడువు ఆ రాత్రితోనే ముగియును. తెరపై కనిపించు కీబోర్డును మౌసుతో నొక్కి ఎట్లో దరఖాస్తు పంపితిమి. క్రొత్తది కొనుటకు ముందు దీని నిర్మాణమును తెలిసికొనదలచితిమి.

కీబోర్డులో సాధారణముగా నూరుకు పైగా మీటలుండును. ఒక్కొక్క దానికి వేరు తీగ అవసరము లేదు. 8 అడ్డగీతలు, 16 నిలువుగీతలు ఉన్నచో, ఆ 24 గీతలతోనే 128 మీటలను గుర్తింపవచ్చును. చవక రకములలో ఈ గీతలు రెండు పలుచని ప్లాస్టిక్ పొరలపై విద్యుత్తు ప్రవహించు సిరాతో ముద్రింపబడి యుండును. నడుమ రంధ్రములు గల మూడవ పొర వాటిని ఎడముగా నుంచును. మీటను నొక్కగా క్రింది రబ్బరు బుడిపె అణగి, పై పొర క్రింది పొరను రంధ్రముగుండా తాకును. లోపలి చిప్ ఏ గీతలు కలిసినవో కనుగొని, ఆ మీట సంఖ్యను కంప్యూటరునకు పంపును.

మీటకు భాష తెలియదు. ఒకే మీట ఇంగ్లీషులో 'కె', ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు 'క', ఉర్దూ ఫొనెటిక్ అమరికలో 'కాఫ్' అగును. కావున ఒక అక్షరమునకు బదులు వేరొకటి పడినచో, ముందుగా భాష అమరికను చూడవలెను.

లోపమును గుర్తించు విధము సులభము. ఒక్క మీటయే పనిచేయనిచో అచ్చట మురికి చేరియుండవచ్చును, లేదా బుడిపె చెడియుండవచ్చును. ఒకే గీతకు చెందిన పలు మీటలు ఒక్కసారి నిలిచినచో ఆ గీత తెగినదని అనుమానింపవలెను. ఏ మీటయు పనిచేయనిచో ముందు తీగను, దానిని అమర్చు సాకెట్టును పరీక్షింపవలెను.

విప్పుటకు ముందు తీగను కంప్యూటరునుండి తప్పక తీయవలెను. మీటల వరుసను ఫోటో తీసికొనవలెను. వెనుక స్క్రూలను విప్పి, పొరలను మెల్లగా లేవనెత్తవలెను. అతికియున్నచో బలవంతము చేయరాదు. మా పొరలలో 'ఎ' స్థానమున టీలోని చక్కెర జిగురుగా ఎండియున్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో, సిరా చెరగకుండ తేలికగా తుడిచితిమి. మీటలను సబ్బునీటిలో కడిగితిమి.

ఇచ్చట మేమొక పొరపాటు చేసితిమి. మీటలు పూర్తిగా ఆరకముందే బిగించుటచే అక్షరములు వాటంతటవే పడసాగినవి. మరల విప్పి, ఒక దినము నీడను ఆరబెట్టిన పిమ్మటనే కీబోర్డు సరిగా పనిచేసినది.

లాప్‌టాప్ విషయము వేరు. అందు బ్యాటరీ యుండును, నిర్మాణము సున్నితము. అనుభవము లేనివారు దానిని విప్పరాదు. గీతలు పెక్కుచోట్ల తెగినచో క్రొత్తది కొనుటయే మేలు.

విద్యార్థి మిత్రులారా! మాకు మిగిలిన సొమ్ము స్వల్పమే. కాని పాడైన వస్తువును పారవేయుటకు ముందు, అది ఏల పాడైనదని ప్రశ్నించు అలవాటు మాకు అబ్బినది. మా చెల్లెలు నేటికిని ఆ కీబోర్డుపైననే తన పాఠములను వ్రాసికొనుచున్నది. టీ కప్పు మాత్రము వేరొక బల్లపై నుండును.