వెల లేని సేవకు కృతజ్ఞత

కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయమును సాఫ్ట్‌వేర్ అందురు. జీతము గోరక, తమ తీరిక వేళలలో దానిని వ్రాసి లోకమున కొసగువారు పెక్కుమంది గలరు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ ఇట్టివారి తోడ్పాటుతోను వృద్ధిచెందినది. వీరికి ధనము లేకయే కృతజ్ఞత చూపుట యెట్లు?

మొదటిది, పేరు చెప్పుట. లైనక్స్‌లో తోడ్పడినవారి పేర్ల పట్టిక యొకటి కలదు. లోపమును తెలిపినవారి పేరును, పరీక్షించినవారి పేరును సవరణతోబాటు వ్రాసియుంచుట అచటి మర్యాద.

రెండవది, ఉపయోగపడినదని తెలుపుట. జేపెగ్‌వ్యూ అను సాఫ్ట్‌వేర్ కర్త, అది నచ్చినవారిని ఒక పోస్టుకార్డు పంపుడని కోరెను.

మూడవది, భారము తగ్గించుట. ఇదియే ముఖ్యము. ఎక్స్‌జెడ్ అను సాఫ్ట్‌వేర్‌ను చిరకాలము ఒక్కరే స్వచ్ఛందముగా నిర్వహించిరి. తమకు శక్తి చాలకున్నదని 2022లో వారు చెప్పుకొనినను, ఆలస్యమేల యని కొందరు నిందించిరి. తోడ్పడువానివలె నటించిన వేరొకరు వారి నమ్మకము నార్జించి, అందు రహస్యద్వారము నమర్చిరి. 2024 మార్చిలో ఒక నిపుణుడు, ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుట గమనించి, కారణము వెదకి దానిని బయటపెట్టెను. అలసినవారిని నిందించుటవలన అందరికిని కీడు మూడగలదని దీనివలన తెలియుచున్నది.

మనము చేయదగిన సాయమొకటి కలదు. తెర మీద తెలుగు ఒత్తులు చెదరినచో, దూరదేశమందలి కర్తకు ఆ తప్పు తెలియకపోవచ్చును, అతడు తెలుగెరుగడు. "పనిచేయుట లేదు" అని కసరినందున ప్రయోజనము లేదు. ఏ పదము వ్రాసితిమి, ఎట్లు కనబడినది, ఎట్లుండవలెను అని మూడు వాక్యములలో వినయముగా తెలిపినచో సవరణ సులభమగును. సవరించిన పిమ్మట మరల చూచి, సరియైనదని తెలుపవలెను. ఇంట తెలుగును, వీథిలో వేరొక భాషను, బడిలో ఇంగ్లీషును ఎరిగిన మన పిల్లల కీపని కష్టము కాదు. తల్లిదండ్రులును వారిని ప్రోత్సహింతురు గాక! మన భాష తెరమీద సరిగా నిలుచుటయు దీనివలననే సాధ్యము.

అభ్యాసము
1. కృతజ్ఞత చూపు మూడు విధము లెవ్వి?
2. మీరు కనిన తెలుగు అక్షరదోష మొకదానిని మూడు వాక్యములలో వర్ణింపుడు.